డ్రైవర్ లేస్తలేడు

మంచిర్యాలలో పర్శరాములు సారుకు తెలియని రోడ్డు ప్రపంచంలో లేదు. బడిలో సోషల్ చెప్తాడు. పటం మీద కర్ర ఆనించాడంటే ఏ దేశంలో ఏ దారి ఏ కొండ ఎక్కి ఏ ఓడరేవులో దిగుతుందో గడగడా చెప్పేస్తాడు. ఆయనకు రానిదల్లా రోడ్డు మీద బండి నడపడం ఒక్కటే. స్కూటీ మీద బడికి పోతుంటే రెండు కాళ్ళూ నేలకు రాసుకుంటూ బాతు నడిచినట్టు పోతాడు. సైకిళ్ళ మీద వచ్చే పిల్లలు వెనకనుంచి "సార్, నమస్తే" అని, దాటిపోయాక "సార్, బై" అంటారు.

అలాంటి మనిషి కొంతకాలంగా నార్వే దేశంలో లారీ నడుపుతున్నాడు.

ల్యాప్‌టాప్‌లో లెండి. అదొక ఆట. మంచు కొండల మధ్య పెద్ద పెద్ద లారీలు, చేపల లోడు, కలప లోడు. స్టీరింగు అక్కర్లేదు, నాలుగు మీటలు నొక్కితే చాలు. ఆ లారీ ఎక్కగానే పర్శరాములు మీసం దానంతటదే మెలితిరిగేది.

చిక్కేమిటంటే ఆ ల్యాప్‌టాప్ ఆయనది కాదు, భార్య మమతారాణిది. ఆమె పెళ్ళి పిలుపుల వీడియోలు చేస్తుంది. ముందు దేవుడు వస్తాడు, పైనుంచి పూలు రాలుతాయి, ఒక పక్కనుంచి పెళ్ళికొడుకు, ఇంకో పక్కనుంచి పెళ్ళికూతురు వచ్చి కలుస్తారు, వాళ్ళ పేర్లు బంగారు రంగులో తళతళలాడతాయి. ఇటు కరీంనగర్ నుంచి అటు ఆదిలాబాద్ దాకా మమతారాణి పూలు రాలని పెళ్ళి లేదు. దుబాయిలో ఉన్న చుట్టాలకు కార్డు చేతికిచ్చి రాలేం కదా, అందుకని ఆమెకు గిరాకీ బాగా ఉంది.

పర్శరాములు ఆ ఆటను భార్యకు తెలియకుండా దాచాడు. ఎక్కడో కాదు, "పదో తరగతి సోషల్ మాదిరి ప్రశ్నలు" అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో. లోకంలో ఎవరూ తమంతట తాము తెరవని ఫోల్డర్ అదొక్కటేనని ఆయన నమ్మకం.

ఒక శనివారం సాయంత్రం మమతారాణి కూరగాయలకు పోగానే సారు లారీ ఎక్కబోయాడు. లారీ కదలలేదు. మీ డ్రైవర్ పాతబడ్డాడు, కొత్తది వేసుకోండి అని తెర మీద ఒక మాట వచ్చింది. పర్శరాములుకు రోషం వచ్చింది. నన్నే పాత డ్రైవర్ అంటుందా అని. తర్వాత తెలిసింది, అది తనను కాదు. బొమ్మలను తెర మీదికి తెచ్చే చిన్న ప్రోగ్రాము ఒకటి ల్యాప్‌టాప్ లోపల ఉంటుంది, దాన్నీ డ్రైవర్ అనే అంటారు. ఎక్కడో ఒక సైట్‌లో పెద్ద పచ్చ బటన్ కనబడితే నొక్కి, కొత్త డ్రైవర్‌ను ఎక్కించేశాడు.

కొత్త డ్రైవర్ రాగానే లారీ కదిలింది. మొదటి మలుపు దాకా బాగానే పోయింది. అక్కడ తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ వచ్చి, చారలు చారలై, ఆగిపోయింది. ఆట పోతే పోయింది, భార్య పని ఎలా ఉందోనని ఆమె చేస్తున్న వీడియో తెరిచి చూశాడు. ఇచ్చోడ లింగమూర్తి గారి బిడ్డ పెళ్ళి పిలుపు అది. పెళ్ళికూతురు మొహం పచ్చిమిరపకాయ రంగులో ఉంది. పెళ్ళికొడుకు సగం వరకే వచ్చాడు, నడుము కింద ఏమీ లేదు. పూలు కిందినుంచి పైకి రాలుతున్నాయి. అంతలో తెర మళ్ళీ నల్లబడింది.

ఆ వీడియో మరునాడు ఆదివారం సాయంత్రానికి ఇవ్వాలి. మంచి గడియ చూసుకొని అందరికీ ఒకేసారి పంపుతామని లింగమూర్తి చెప్పి ఉన్నాడు.

పర్శరాములు ల్యాప్‌టాప్ మూసి, దేవుడి పటం వైపు ఒకసారి చూసి, పొద్దున్నే భార్యను ఇంట్లోంచి పంపించే ఉపాయం ఆలోచించాడు.

"మీ అవ్వ ఫోన్ చేసింది మమతా. నిన్ను యాది చేస్తుందట. జల్ది రమ్మన్నది," అన్నాడు ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ.

"మా అవ్వ మీకెందుకు చేస్తది ఫోను?"

"నేను అల్లుణ్ణి గాదా?"

"పెండ్లయిన కాన్నుంచి ఆమె మీకు ఫోన్ చేసింది ఒక్కపారి. గది గూడ రాంగ్ నంబరు."

లింగమూర్తి గారి వీడియో ఇంకా మిగిలి ఉందని ఆమె అంటే, వచ్చాక చేసుకోవచ్చని, ఈలోగా తను ల్యాప్‌టాప్‌కు పట్టిన దుమ్మంతా తుడిచి పెడతానని ఆయన మాటిచ్చాడు. మమతారాణి గ్లాసు కింద పెట్టి భర్తను తేరిపార చూసింది.

"ఇల్లు తుడువుమంటే నడుము నొస్తదంటరు. ల్యాప్‌టాప్ తుడుస్తరా?"

"గది చిన్నగుంటది గద. వంగుడు తక్కువ."

ఆమె నవ్వి చెప్పులేసుకుంది. పర్శరాములు ఆ నవ్వు చూసి హమ్మయ్య అనుకున్నాడు. పటాలు చదవడం వేరు, మమతారాణి నవ్వు చదవడం వేరు అని ఆయనకు ఇన్నేళ్ళయినా తెలియలేదు.

ఆమె వీధి మలుపు తిరగగానే సారు తన స్నేహితుడు జియావుల్లాను పిలిపించాడు. బెల్లంపల్లి చౌరస్తాలో ఫోన్ల కవర్లు అమ్ముకునే జియావుల్లాకు ఊళ్ళో రీస్టార్ట్ జియావుల్లా అని పేరు. ఏ యంత్రం పాడైనా ఆయన చెప్పే మొదటి మందు అదే. ఒకసారి వాళ్ళ బావమరిది పెళ్ళాంతో కొట్లాడి వస్తే, ఇంటికి పోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టమని చెప్పి పంపాడట.

జియావుల్లా రాగానే రీస్టార్ట్ చేశాడు. తెర వచ్చింది, నల్లబడింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ నల్లబడింది.

"ఫికర్ చెయ్యకు సాబ్. గరమైంది. జర సల్లగ జెయ్యాలె," అన్నాడు.

కూలర్ ఉన్న గదిలోకి తీసుకుపోయి, మంచం మీద రెండు దిండ్లు వరుసగా పరిచి, తలవైపు దిండు మీద ల్యాప్‌టాప్‌ను పడుకోబెట్టారు. కూలర్ గాలితో పాటు నాలుగు నీటి చుక్కలు కూడా విసిరింది. ఇద్దరూ లుంగీలతో తుడిచారు. తుడవడంలో ఏ మీటలు నొక్కుకున్నాయో, తెర వెలిగింది గానీ తలకిందులుగా వెలిగింది.

ఇక చూడండి వాళ్ళ అవస్థ. జియావుల్లా మంచం మీద వెల్లకిలా పడుకొని, కాళ్ళు గోడకు ఆనించి, తల వెనక్కి వాల్చి తెర మీది మాటలు చదువుతున్నాడు. పర్శరాములు మౌస్ పట్టుకొని ఎడమకు జరిపితే బాణం కుడికి పోతోంది, పైకి అంటే కిందికి పోతోంది. స్కూటీ కంటే కష్టంగా ఉందని సారు నిజాయితీగా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. తెర మీద మమతారాణి పేరు. ఎర్రది నొక్కబోయి పచ్చది నొక్కి, ఫోన్‌ను బోర్లా పడేసి, కట్ చేశాననుకొని మళ్ళీ పనిలో పడ్డాడు.

అవతల ఫోన్ పట్టుకున్నది మమతారాణి కాదు. ఆమె పుట్టింట్లో వదిన దీపికతో కలిసి డాబా మీద బట్టలు ఆరేస్తోంది. మంచం మీద ఉన్న కూతురి ఫోన్ తీసి అల్లుడికి కలిపింది శంకరవ్వ. నేనెప్పుడు యాది చేసిన, ఎందుకు అబద్ధమాడినవని అడుగుదామని. శంకరవ్వకు చెవులు కొంచెం మందం. ఆమె కొడుకు కొండల్ బొగ్గు లారీ నడుపుతాడు. ఆ పొద్దు ఇంకా ఇల్లు చేరలేదు.

ఫోన్‌లో అల్లుడి గొంతు దూరంగా వినబడింది.

"డ్రైవర్ మల్ల క్రాష్ భాయ్. ఎంత లేపినా లేస్తలేదు."

'దు'కూ 'డు'కూ మధ్య ఎంత తేడా ఉందో తెలుగు మాస్టార్లు చెప్పగలరు. ఆ తేడా శంకరవ్వ చెవి దాకా రాలేదు. ఆమెకు వినబడింది, ఎంత లేపినా లేస్తలేడు.

"కండ్ల ముంగట తెర నల్లగైపోయింది," అన్నాడు అల్లుడు మళ్ళీ.

"ఆశ పెట్టుకోకు సాబ్. గీ డ్రైవర్‌ను సాఫ్ తీసేసుడే. కొత్త డ్రైవర్‌ను తెచ్చుకుందాం," అంది ఇంకో గొంతు.

"మరి మా మమతకు ఏం జెప్పాలె?"

"ఇప్పుడే చెప్పకు. పరేషాన్ అయితది."

శంకరవ్వ చేతిలోంచి ఫోన్ జారిపోయింది. ఆమె వేసిన కేకకు డాబా మీది బట్టలు డాబా మీదే మిగిలిపోయాయి. కొండల్ పడిపోయిండట, లేస్తలేడట, అల్లుడు దగ్గరున్నడట అని ఆమె చెప్పగానే దీపిక కొండల్‌కు ఫోన్ కలిపింది. స్విచాఫ్ అని వచ్చింది. మమతారాణి భర్తకు కలిపింది. ఎత్తలేదు. ఎత్తితే తిట్లు పడతాయని ఎత్తలేదని పాపం వాళ్ళకెలా తెలుస్తుంది?

అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి అక్కడికే ఆటో కట్టించారు. శంకరవ్వ చేతిలో గ్లూకోజు డబ్బా, దీపిక ఒళ్ళో దుప్పటి, మధ్యలో మమతారాణి. ఆటో రైలు గేటు దగ్గర ఆగినప్పుడు మమతారాణికి కొంచెం ఊపిరాడి, అసలు ఫోన్‌లో ఏం విన్నావో ఒక్కో మాట చెప్పమని తల్లిని అడిగింది. తల్లి ఏడుస్తూనే చెప్పింది. తెర నల్లబడిందట అన్న మాట దగ్గర మమతారాణి టక్కున ఆగింది.

"అవ్వా, గది మన కొండల్ అన్న గాదే. నా ల్యాప్‌టాప్. దాంట్ల గూడ డ్రైవర్ ఉంటది."

"గింత పెట్టెల డ్రైవర్ ఎట్ల పడుతడు బిడ్డా? నా పాణం నిమ్మలం జెయ్యనీకి గట్ల చెప్తున్నవు," అని శంకరవ్వ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి దీపిక, ఇద్దరినీ చూసి ఆటో అతను కళ్ళు తుడుచుకున్నారు. మమతారాణి మరో రెండుసార్లు చెప్పి చూసి, లాభం లేదని నోరు మూసుకుంది.

ఇక్కడ ఇంటి గేటు చప్పుడైంది. పర్శరాములు కిటికీలోంచి చూస్తే ఆటోలోంచి భార్య, అత్త, కొండల్ పెళ్ళాం దిగుతున్నారు. వెనకాల ఇరుగుపొరుగు వాళ్ళు. తన గుట్టు బయటపడిందని, శిక్ష వేయడానికి అత్తింటివాళ్ళంతా తరలి వచ్చారని ఆయన అనుకున్నాడు. జియావుల్లా తలకిందుల నుంచి లేవబోయి మంచం కింద పడ్డాడు. పర్శరాములు దండెం మీది తెల్ల పంచె లాగి మంచం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పేశాడు. దిండు, దిండు, పైన ల్యాప్‌టాప్. ఎవరో నిండా ముసుగు కప్పుకొని పడుకున్నట్టే ఉంది.

శంకరవ్వ గదిలోకి వచ్చి ఆ మంచం చూసింది.

తర్వాత ఏం జరిగిందో ఆ వీధి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె గడపలోనే కూలబడి, కొడుకు పుట్టిన నాటి నుంచి మొదలుపెట్టి ఏడ్చింది. చిన్నప్పుడు మామిడి చెట్టెక్కి పడ్డది, పదిలో తప్పింది, లారీ వద్దంటే వినంది, అన్నీ వరుసగా వచ్చాయి. అల్లుడిక్కూడా కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఒక్క ల్యాప్‌టాప్ పాడైతే అత్తమ్మ ఇంతగా బాధపడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"ఊకో అత్తమ్మా. వారంటీ ఇంక ఉన్నది," అన్నాడు ఓదార్పుగా.

శంకరవ్వ ఏడుపు ఆపి అల్లుడి వైపు తలెత్తి చూసింది. అంతలో బయట లారీ ఆగిన చప్పుడైంది. కొండల్ పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, హోటల్లో ఇడ్లీ తింటుంటే, మీవాళ్ళు మీ బావ ఇంటికి ఏడ్చుకుంటూ పోయారు, బండి నుంచి ఎవరో పడ్డారట అని ఎవరో చెప్పారు. బావ స్కూటీ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టి కొండల్ ఇంకేమీ అడగలేదు. చేతిలో అరటిపండ్లు, కట్టు గుడ్డ పట్టుకొని వచ్చాడు.

"ఎట్ల పడ్డవు బావా? కాలా, చెయ్యా?"

శంకరవ్వ లేచి కొడుకును ముందు వీపు మీద రెండు వేసింది, తర్వాత వాటేసుకుంది. దీపిక దుప్పటి మొగుడి మీద కప్పింది, ఎండాకాలమైనా సరే. కాసేపు అందరూ ఏడుస్తూ నవ్వారు. అప్పుడు శంకరవ్వకు ఒక అనుమానం వచ్చి మంచం వైపు తిరిగింది.

"మరి గీడ పండుకున్నది ఎవలు?"

మమతారాణి నెమ్మదిగా వెళ్ళి పంచె తీసింది.

తలకిందుల తెర మీద పచ్చ మొహం పెళ్ళికూతురు అందరినీ చూస్తోంది. పర్శరాములు గొంతు సవరించుకున్నాడు.

"దుమ్ము తుడుస్తుంటే గిట్లయింది."

"దుమ్ము తుడిస్తె కొత్త డ్రైవర్ ఎక్కుతడా సారూ?"

"ప్రశ్నపత్రాలు తెరిచిన. పదో తరగతి."

"అవును, సూసిన. సోషల్ ప్రశ్నలకు సగం ల్యాప్‌టాప్ నిండింది. గంత బరువున్న ప్రశ్నలు పిల్లలు ఎట్ల మోస్తరనుకున్న. తెరిచి సూస్తె నార్వేల చేపల లోడ్ దించుతుండ్రు."

"ఎప్పటి సంది ఎరుక?"

"మీరు మొదటి లోడ్ ఎత్తిన కాన్నుంచి. పని చెడకుంటె ఆడుకోనీ అనుకున్న. ఇంటిపట్టున ఉంటున్నరు గద."

పర్శరాములును అప్పుడు చూడాల్సింది. తాను నెలల తరబడి గుమ్మం వైపు ఒక కన్ను వేసి, అడుగుల చప్పుడు వింటూ, చెమటలు కక్కుతూ దొంగచాటుగా నడిపిన లారీ అంతా భార్య దయ వల్లే నడిచిందని తెలిసేసరికి మీసం రెండు పక్కలా వాలిపోయింది. జియావుల్లా మాత్రం ఒకసారి రీస్టార్ట్ చేస్తే ఎలా ఉంటుందని నెమ్మదిగా అడిగాడు.

మమతారాణి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ముందుగా రెండు మీటలు నొక్కి తలకిందులైన తెరను సరిగ్గా నిలబెట్టింది. ఏడాది కింద ఇలాగే ఒక కొత్త డ్రైవర్ వచ్చి ఆమె వీడియోలన్నీ పాడుచేస్తే, రెండు రోజులు కుస్తీపట్టి దారి తెలుసుకుంది. అదేమిటని శంకరవ్వ అడిగితే చెప్పింది:

"కొత్తాయన పని చెడగొట్టిండు అవ్వా. పాతాయన్ను వాపస్ పిలుస్తున్న. లోపల్నే ఉంటడు, మనం పిలిస్తె వచ్చి కూసుంటడు."

పాత డ్రైవర్ వచ్చి కూర్చున్నాడు. తెర ఒకసారి నల్లబడింది, అందరూ ఊపిరి బిగబట్టారు, మళ్ళీ తేటగా వెలిగింది. పెళ్ళికూతురు మొహం చామనఛాయకు వచ్చింది. పెళ్ళికొడుక్కి కాళ్ళు వచ్చాయి. పూలు బుద్ధిగా పైనుంచి కిందికి రాలాయి. గదినిండా ఉన్న జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఎరగని ఆ ఇచ్చోడ పిల్లను చూసి శంకరవ్వ మెటికలు విరిచి దిష్టి తీసింది.

వీడియో అనుకున్న గడియకు ముందే పోయింది. వచ్చినవాళ్ళందరికీ బగారా అన్నం వండాలని మమతారాణి తీర్పు చెప్పింది, ఉల్లిగడ్డలు ఎవరు కోయాలో చెప్పనక్కరలేదు. జియావుల్లా కూడా పారిపోయే వీలు లేక గరిటె పట్టాడు. వంటింట్లో పర్శరాములు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే, అవతల గదిలో కొండల్ ఆ నార్వే లారీ ఎక్కి ఒక వంతెన మీద నుంచి లోడుతో సహా నీళ్ళలో పడ్డాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇదే మొదటి ప్రమాదమని, బండి మంచిది కాదని అన్నాడు.

అన్నం తిన్నాక మమతారాణి ల్యాప్‌టాప్‌లో భర్తకంటూ విడిగా ఒక ఖాతా తెరిచింది. సారు పొంగిపోయాడు. తీరా చూస్తే అది చిన్నపిల్లల ఖాతా. ఆట తెరవాలంటే ఇంటి పెద్దల అనుమతి కావాలి. అనుమతి అడిగితే ఆ పెద్దల ఫోన్‌కు కబురు పోతుంది. పచ్చది నొక్కితే సరే, ఎర్రది నొక్కితే లేదు.

"నీకే వస్తదా కబురు?" అన్నాడు పర్శరాములు, భార్యనైతే ఏదోలా ఒప్పించుకోవచ్చని.

"నాకెక్కడ తీరుతది? అవ్వ ఫోన్‌కు పెట్టిన."

మొదటి ఆదివారం ఆయన సిగ్గుపడుతూ అనుమతి అడిగాడు. పచ్చా రాలేదు, ఎర్రా రాలేదు. కాసేపటికి శంకరవ్వే వచ్చింది, చేతిలో ఫోన్‌తో. ఏం నడుపుతావో నా ముందర నడుపు, చూసి నొక్కుతానని కుర్చీ లాక్కుని అల్లుడి వెనక కూర్చుంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వస్తోంది. కొడుకు లారీలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోబెట్టుకుంటే మెల్లగ పో, మెల్లగ పో అని చంపుతుందని కొండల్ భయం. ఆ మెల్లగలన్నీ ఇప్పుడు పర్శరాములు నెత్తిన పడ్డాయి. మంచు రోడ్డు మీద ఆయన లారీ నత్తలా పాకుతుంటే వెనక ఉన్న బండ్లన్నీ హారన్లు కొడతాయి. కొట్టనీ, వాళ్ళకు తొందరుంటే వాళ్ళు పోతరు అంటుంది శంకరవ్వ. మలుపు మలుపుకూ బ్రేకు వేయిస్తుంది. ఎక్కడైనా దీపాలు కనబడితే లారీ ఆపించి, డ్రైవర్‌కు చాయ్ ఇమ్మని కూతురికి కేకేస్తుంది. ఆ చాయ్ మాత్రం నిజమైనదే.

మొన్న అలా పాకి పాకి చివరికి ఓడరేవు చేరాడు. చేపల లోడు దించాడు. తెర మీద చుక్కలు మెరిశాయి, సంగీతం మోగింది. పర్శరాములు చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకొని ల్యాప్‌టాప్ మూయబోయాడు.

"ఏంది, మూస్తున్నవు?" అంది శంకరవ్వ.

"అయిపోయింది అత్తమ్మా. లోడ్ దించితె ఆట అయిపోయినట్టే."

"లోడ్ దించంగనే అయిపోతదా బిడ్డా? డ్రైవర్ ఇల్లు చేరాలె గద. ఇంటికాడ ఎదురుసూస్తుంటరు."

వంటింట్లో మమతారాణి నవ్వు వినబడింది. పర్శరాములు ఒకసారి అత్త మొహం చూశాడు. ఖాళీ లారీని వెనక్కి తిప్పుకొని, ఆ కొండలన్నీ మళ్ళీ ఎక్కడానికి, మెల్లగా బయలుదేరాడు.